ఒంటిచేతి చక్రం

మోటారు సైకిలు వెనుక చక్రాన్ని రెండు ప్రక్కలా పట్టే స్వింగార్మ్‌ను తీసివేసి, ఒక ప్రక్కనే పట్టేదానిని అమర్చుకోవడం కొందరు ఔత్సాహికులకు మక్కువ. చూడముచ్చటగా ఉంటుంది, కాదనను. కానీ ఈ ఒంటిచేయి అలంకారంగా పుట్టినది కాదు.

1946 నాటి వెస్పా స్కూటరును రూపొందించిన కొర్రడీనో దాస్కానియో విమానాల ఇంజనీరు. చక్రాన్ని ఒకవైపే బిగిస్తే టైరు మార్చడం సులువని ఆయన ఆలోచన. మన బజాజ్ చేతక్ ఆ వంశానిదే. దారిలో పంక్చరైనప్పుడు నట్లు విప్పి స్టెప్నీ వేసుకున్నవారికి ఆ సుఖం వేరే చెప్పాలా? 1948లో జర్మనీలో వచ్చిన ఇమ్మె ఆర్100కైతే ఆ ఒంటిచేయే పొగగొట్టం కూడా!

తరువాత ఫ్రాన్సుకు చెందిన ఎల్ఫ్ సంస్థ దీనిని దీర్ఘకాలిక పందేలకు తెచ్చింది. అక్కడ చక్రం మార్చే ప్రతి క్షణమూ విలువైనదే. హోండా 1987లో ఆర్‌సి30కి దీనినే వాడింది. నడిమి నట్టు విప్పితే చక్రం చేతికి వస్తుంది, గొలుసు కదలదు.

1994లో తాంబురీని గీసిన డుకాటి 916తో ఇది సౌందర్య చిహ్నమైంది. 2002లో 999కి రెండు చేతులు పెడితే అభిమానులు అలిగారు. 2007లో 1098తో ఒంటిచేయి తిరిగివచ్చింది. అయితే ఒకే చేయి మెలితిరగకుండా నిలవాలంటే లావుగా, బరువుగా ఉండక తప్పదు. 2024లో ఆవిష్కరించిన పానిగాలే వి4కు డుకాటియే మళ్ళీ రెండు చేతులు పెట్టింది.

కనుక మార్పించుకునే మిత్రులకు నా మనవి: అందం కోసమైతే నిస్సంకోచంగా చేయించుకోండి, గొలుసు వరుస తప్పకుండా చూసుకోండి. వేగం కోసమని మాత్రం భ్రమపడకండి.