పాదానికో దిండు

వెన్నుపాము దెబ్బతిన్న మనిషి కాళ్ళను ఎవరూ వంకర చెయ్యరు. పట్టించుకోకపోతే చాలు, అవే వంకర పోతాయి. వెల్లకిలా పడుకోబెడితే పాదం తన బరువుకే ముందుకు వాలుతుంది. మీద కప్పిన దుప్పటి దాన్ని ఇంకాస్త వంచుతుంది. తొలి వారాల్లో కాళ్ళు తోటకూర కాడల్లా వేలాడతాయి. ఆ తర్వాత చాలామందికి బిగుతు మొదలవుతుంది. పిక్క కండరం మడమను పైకి లాగుతుంది, మోకాళ్ళు ముడుచుకుంటాయి, తొడలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. స్పర్శ లేకపోతే నొప్పీ తెలియదు, రోగి ‘అబ్బా’ అనడు. ఇంట్లోవాళ్ళు గమనించేసరికి పాదం వీల్‌చైర్ ఫుట్‌రెస్ట్ మీద ఆనదు, చెప్పు పట్టదు, తొడల మధ్య శుభ్రం చెయ్యడానికి చెయ్యి దూరదు.

దీని గురించి వైద్యులు గట్టిగా ఆలోచించడం మొదలై ఎంతో కాలం కాలేదు. కారణం కటువైనదే: అంతకుముందు కాళ్ళు వంకరపోయేదాకా రోగి బతికేవాడు కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో వెన్ను విరిగిన సైనికుల్లో ఎక్కువమంది పడకపుండ్లతో, మూత్రం ఇన్ఫెక్షన్లతో పోయారు. బతికినవాళ్ళను పరీక్షించిన పారిస్ వైద్యురాలు ఆగస్టా డెజెరిన్-క్లుంప్కే, 1918లో సహచరుడితో కలిసి ఒక వింత సంగతి బయటపెట్టారు. పడిపోయిన కాళ్ళలో తుంటి, మోకాళ్ళ చుట్టూ, ఉండకూడని చోట, కొత్త ఎముక పుడుతోంది. కీలు తలుపు గడియ వేసినట్టు ఆగిపోతోంది. కదలని కాలు ఉన్నచోట ఉన్నట్టే ఉండిపోదని అప్పుడే అర్థమైంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1917లో, జర్మనీ బొగ్గుగనుల ప్రాంతంలోని ఒక ఆస్పత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ అనే కుర్రాడు ఆర్డర్లీగా పనిచేస్తున్నాడు. నడుం విరిగిన గని కార్మికుణ్ణి తీసుకొస్తే వివరాలు రాసుకోబోయాడు. అక్కర్లేదు, కొద్ది వారాల్లో పోతాడన్నారు. అన్నట్టే ఐదు వారాలకు పోయాడు. ఆ కుర్రాడే పెద్ద నరాల వైద్యుడై, యూదుడు కావడంతో 1939లో నాజీల నుంచి తప్పించుకుని ఇంగ్లండు చేరారు. 1944 ఫిబ్రవరి 1న ఎయిల్స్‌బరీ దగ్గర స్టోక్ మాండవిల్ ఆస్పత్రిలో వెన్నుపాము వార్డు తెరిచారు. అమెరికాలో డోనాల్డ్ మన్రో 1936లోనే బోస్టన్‌లో ఇలాంటి వార్డు పెట్టారు కాబట్టి మొదటివాడనే కిరీటం గుట్‌మన్‌కి ఒక్కరికే పెట్టడం న్యాయం కాదు. కానీ పడుకోబెట్టే తీరును ఒక శాస్త్రంలా, ఒక మొండిపట్టులా నడిపింది ఆయనే.

అప్పటి అలవాటు పిండికట్టు. విరిగిన వెన్ను కదలకూడదని ఒంటికి బిగించేసేవారు. దాని కింద చర్మం కుళ్ళేది. గుట్‌మన్ కట్లు తీయించేశారు. వాటి బదులు దిండ్లు పెట్టించారు. రెండు గంటలకోసారి, పగలూ రాత్రీ, రోగిని పక్కకు తిప్పాలి. ఒకరు భుజాల దగ్గర, ఒకరు నడుం దగ్గర, ఒకరు కాళ్ళ దగ్గర నిలబడి, ఒక్క మాట మీద, వెన్ను మెలిపడకుండా లేపి తిప్పాలి. తిప్పడంతో పని అయిపోదు, కాళ్ళు సర్దాలి. వెల్లకిలా ఉంటే పాదాల కింద నిటారుగా దిండో చెక్కో ఆనించి, వేళ్ళు పైకప్పును చూసేట్టు ఉంచాలి. పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాల్లో ఉండనివ్వాలి. తొడలు బయటికి దొర్లకుండా పక్కన చుట్ట పెట్టాలి. పక్కకు తిరిగి పడుకుంటే మోకాళ్ళ మధ్య ఇంకో దిండు. దుప్పటి బరువు పాదాల మీద పడకుండా పైన ఒక కమాను. గుట్‌మన్ అర్ధరాత్రి వార్డులో ప్రత్యక్షమై సరిగ్గా తిప్పారో లేదో చూసేవారట. ప్రాణాలు నిలవడంలో అప్పుడే అందుబాటులోకి వచ్చిన పెన్సిలిన్ వాటా కూడా తక్కువేం కాదు. అయినా కాళ్ళు తిన్నగా ఉండటం మందుల చలవ కాదు. పేరు గుట్‌మన్‌కి వచ్చింది, నడుములు నొచ్చింది నర్సులకీ ఆర్డర్లీలకీ.

ఇదంతా ఎందుకు పనిచేస్తుందో చాలాకాలం తర్వాత తెలిసింది, అదీ పిండికట్టు వల్లే. 1972లో ఫ్రెంచి పరిశోధకులు పిల్లుల కాళ్ళకు కట్టు వేసి చూశారు. పిక్క కండరాన్ని పొట్టిగా ఉండే భంగిమలో బిగించి ఉంచితే, దానిలో ఒకదాని వెనక ఒకటిగా ఉండే సంకోచ భాగాలు దాదాపు 40 శాతం తగ్గిపోయాయి. అంటే కండరం బిగుసుకోవడమే కాదు, నిజంగానే కురచ అవుతోంది. పొడవుగా సాగదీసి ఉంచినప్పుడు ఆ భాగాలు పెరిగాయి.

కాబట్టి రోజూ కాసేపు సాగదీస్తే చాలదా? ఆస్ట్రేలియా ఫిజియోథెరపిస్టు లిసా హార్వే ఈ ప్రశ్నను పరీక్షకు పెట్టారు. 2000లో వెలువడిన ఆమె అధ్యయనంలో 14 మంది రోగులకు ఒక చీలమండను రోజూ అరగంట చొప్పున 4 వారాలు సాగదీశారు, రెండోదాన్ని వదిలేశారు. రెండిటికీ తేడా రాలేదు. తర్వాత అనేక అధ్యయనాలను కలిపి చూసినా, సాగదీయడం వల్ల కీళ్ళ కదలికలో చెప్పుకోదగ్గ మేలు కనబడలేదు. ఆ లెక్కలో పాదపట్టీలు, ప్రత్యేక భంగిమలు కూడా ఉన్నాయి. దిండ్ల మీద నమ్మకం ఉన్నవాళ్ళకు ఇది మింగుడుపడని మాట. నా మట్టుకు, అరగంట సాగదీసి మిగతా రోజంతా వదిలేస్తే ఫలితం ఆశించలేమనిపిస్తుంది. పైగా దిండు చేసే పని కండరానికొక్కదానికే కాదు. మడమ పుండు పడకపోవడం ఒక్కటే దానికి చాలినంత సమర్థన.

మన వైపు ఈ విద్య రావడానికి దారి రాయవేలూరు. అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యురాలు మేరీ వర్గీస్‌కు 1954లో కారు ప్రమాదంలో నడుం నుంచి కింది భాగం చచ్చుబడిపోయింది. ఆమె వీల్‌చైర్‌లో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు, అమెరికా వెళ్ళి పునరావాస వైద్యం నేర్చుకున్నారు. 1966లో వేలూరులో పునరావాస కేంద్రం నెలకొంది. చిత్తూరు, కడప జిల్లాల నుంచి వైద్యానికి వేలూరు వెళ్ళేవాళ్ళకు కొదవ లేదు. చిక్కల్లా డిశ్చార్జి అయి ఇంటికొచ్చాకే.

ఇంట్లో చెయ్యాల్సింది ఖరీదైనదేం కాదు. రోజూ మడమలు, చీలమండలు కళ్ళతో చూడండి. మోకాళ్ళ కింద మాత్రమే దిండు పెట్టి గంటలకొద్దీ వదిలేయకండి, తుంటీ మోకాలూ ముడుచుకునే ఉండిపోతాయి. కుర్చీలో రోజంతా కూర్చునేవాళ్ళు డాక్టరు ఒప్పుకుంటే కాసేపు బోర్లా పడుకోవాలి. ఒక కాలు ఉన్నట్టుండి వాచి వేడెక్కితే నూనె పట్టించి మర్దనా చెయ్యకండి, సాగదీయకండి. లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, కొత్త ఎముక పుడుతూ ఉండొచ్చు, ఎముకే విరిగి ఉండొచ్చు. అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్ళండి.