వ్రాతకు నిలువనీడ



వ్రాసినవాడు తన వ్రాత నెక్కడ ప్రకటింపవలెననునది క్రొత్త ప్రశ్న కాదు. 1874లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు వివేకవర్ధనిని వెలువరింప మొదలిడినపుడు, గోదావరీతీరమున వ్రాసినదానిని చెన్నపట్టణమున అచ్చొత్తింపవలసి వచ్చెను. అచ్చుశాల పరులదైనచో పత్రిక వారి తీరికకును, వారి యిష్టానిష్టములకును లోబడక తప్పదు. పిదప పంతులుగారు రాజమహేంద్రవరముననే ముద్రాయంత్రమును నెలకొల్పుకొనిరి. అధికారుల లంచగొండితనమును వీథి కెక్కించిన పత్రికకు సొంత యంత్రము కోటగోడ వంటిది.

నేడు అచ్చుశాల చేయుపనిలో పెద్దపాలు ఇంటర్నెట్టు చేయుచున్నది. మీ మనుమల చేతనుండు సెల్‌ఫోనులలో కనబడు వ్యాసము లేదో యొక కంపెనీవారి కంప్యూటరులో నిలువయుండును. దానికొక చిరునామా కలదు. అది తెలిసినవాడు గుంటూరునుండి యైనను, అమెరికానుండి యైనను చదువుకొనవచ్చును. కాగితపు ఖర్చు లేదు, తపాలాబిళ్ల లేదు, తరచుగా అద్దెయు లేదు. ఈ అద్దె లేకపోవుటలోనే చిక్కున్నది.

1994లో కాలిఫోర్నియాయందు డేవిడ్ బోనెట్, జాన్ రెజ్నర్ అనువా రొక సంస్థను స్థాపించిరి. జియోసిటీస్ అను పేరుతో అది ప్రసిద్ధి కెక్కెను. అడిగినవారి కెల్ల ఉచితముగా స్థలమిచ్చి, ఊరిలోని పేటలవలె దానిని విభజించిరి. సినిమా ముచ్చటలవారి పేట హాలీవుడ్డు; సాహిత్యము, తత్త్వశాస్త్రము వ్రాయువారి పేట ఏథెన్సు. ఏ సంపాదకుని గడపయు త్రొక్కని సామాన్యులు, విద్యార్థులు, గృహిణులు తమకు తెలిసినదానిని అచ్చట వ్రాసికొనిరి. 1999లో యాహూ కంపెనీవారు సుమారు 350 కోట్ల డాలర్ల విలువకు ఆ సంస్థను కొనిరి. పదియేండ్లు గడచెను. 2009 ఏప్రిలులో మూసివేతను ప్రకటించి, అక్టోబరు 26వ తేదీన తలుపులు వేసిరి. నడుమ ఆరునెలల గడువున్నమాట నిజమే. మెలకువగలవారు తమ సొత్తు తీసికొనిపోయిరి. కాని ఉత్తరములందు చిరునామా మారినవారి సంగతి యేమి? అప్పటికే కాలముచేసినవారు వచ్చి యెట్లు తీసికొందురు? పుణ్యాత్ములు కొందరు స్వచ్ఛందముగా ప్రతులెత్తుటచే కొంత దక్కినది, దక్కనిది దక్కలేదు.

ఇతరుల కథ యేల, నా సంగతియే చెప్పెదను. మా యూరి చెరువు చరిత్రను ఒక వృద్ధుడు చెప్పగా విని, వ్యాసముగా వ్రాసి, ఉచితమని యొకచోట నుంచితిని. ఆ సంస్థ మూతపడునపుడు వచ్చిన జాబును, నేను చూచుట మానివేసిన పాత చిరునామాకు పంపిరట. వారిది తప్పనలేను. నాయొద్ద మరియొక ప్రతి లేదు. చెప్పిన పెద్దాయనయు లేడు.

అటుపిమ్మట ఈ సంస్థల చరిత్రను కొంత శ్రద్ధతో చదివితిని. అందు నా మనస్సున కెక్కిన ఉదంత మొకటి కలదు. మిషెల్ వాల్డ్రిగి అను ఫ్రెంచి యువకుడు 2001లో బీటూ అను సాధనమును నిర్మించెను. వ్యాసములను సులువుగా ఇంటర్నెట్టున నుంచుటకు అది పనికివచ్చెడిది. కొంతకాలమునకు అతడు దానిని పట్టించుకొనుట మానెను. కంపెనీ సొత్తే యైనచో అంతటితో దాని కథ ముగియవలసినదే. కాని యెవరైనను తీసికొని బాగుచేసికొనవచ్చునను షరతుతో అతడు దానిని విడుదల చేసియుండెను. ఆ బలముతో మాట్ ములెన్‌వెగ్, మైక్ లిటిల్ అనువారిరువురు 2003లో దాని నందుకొని వర్డ్‌ప్రెస్ అను పేర నడపిరి. ఒకని పెరటిబావికిని, ఊరుమ్మడి బావికిని గల భేద మిదియే. త్రవ్వినవాడు వెడలిపోయినను, పూడిక తీయుటకు పదిమందికి అధికారముండును.

అట్లని సొంతిల్లు నిర్వహించుట తేలిక యనుకొనరాదు. చిరునామా పేరునకు ఏటేటా రుసుము కట్టవలెను. మరచినచో అది పరుల పాలగును. వ్రాతకే తీరిక చాలనివానికి ఈ మరమ్మతులు బరువే. అందుచే 1999లో వచ్చిన బ్లాగరు వంటి ఉచితస్థలములను పలువు రాశ్రయించిరి. 2003లో దానిని గూగుల్ కంపెనీ కొనెను. నేనందును తప్పు పట్టను. లోపలిదానిని మూట గట్టుకొని పోనిచ్చిన సత్రమున బసచేయుటలో దోషమేమి?

వ్రాతమీద జీవింపగోరువారి కొరకు 2017లో సబ్‌స్టాక్ అను సంస్థ బయలుదేరినది. చందాదారులకు వ్యాసము ఉత్తరముగా చేరును. చందాసొమ్ములో నూటికి పది సంస్థ తీసికొనును. పది యెక్కువయా, తక్కువయా అని జనులు వాదింతురు. అంతకంటె విలువైనది వేరొకటి కలదు. రచయిత వెడలిపోదలచినచో చందాదారుల పట్టికను వెంటగొనిపోవచ్చును. పూర్వపు పత్రికాధిపతులకును చందాదారుల పుస్తకమే గదా అసలు ఆస్తి!

మన భాషకు మరియొక గండము కూడ నుండెను. ఒక్కొక్క సంస్థ తెలుగక్షరములకు తనకు తోచిన సంకేతములను వాడెడిది. ఆ సంస్థ యక్షరములు కంప్యూటరులో లేనిచో వ్యాసమంతయు పిచ్చిగీతలుగా కనబడెడిది. 1991లోనే యూనికోడ్ అను ప్రపంచ సంకేతపట్టికలో తెలుగునకు చోటు లభించినను, అది వాడుకలో స్థిరపడుటకు చాల యేండ్లు పట్టెను. 1998లో ప్రవాసాంధ్రులు అమెరికాయందు నెలకొల్పిన ఈమాట పత్రిక ఆ కష్టకాలమునందు పుట్టినదే. స్థలము నిలిచినను లిపి నిలువనిచో వ్రాత పోయినట్లే. కావున తెలుగు రచయిత ఈ రెండింటిని గూర్చియు విచారింపవలసి వచ్చెను.

ఇపుడు నేను దేనినైనను యూనికోడులోనే వ్రాయుచున్నాను. ఏటేటా రుసుము కట్టి యొక పేరును నిలుపుకొనుచున్నాను. ప్రతి వ్యాసమునకును ఒక ప్రతిని కాగితముమీద తీసి బీరువాలో భద్రపరచుచున్నాను. ఈ మూడవపనిని చూచి మా యబ్బాయి నవ్వును. చెరువు వ్యాసమును జ్ఞాపకమున్నంతమేర మరల వ్రాసి అందులో చేర్చితిని. తూము కట్టించిన వారిలో ఇద్దరి పేర్లు మాత్రము ఎంత తలపోసినను స్ఫురింపలేదు. అచ్చట ఖాళీ విడిచితిని.