సుగుటూరు నుంచి పుంగనూరు దాకా

జాతర దినాల్లో పుంగనూరుకు పొయినోళ్లంతా సుగుటూరు గంగమ్మకు మొక్కుకోనొస్తారు గదా, ఆ సుగుటూరు యాడుండాదో ఎవురన్నా అడిగినారా? ఇట్ట దగ్గరికి జరగండి అబ్బా. మంటలోకి ఇంగో రెండు కట్టెలు ఎగదొయ్యండి, ఆ చెనిక్కాయలు కాలే లోపల చెప్తా.

సుగుటూరు మన పక్క ఊరు కాదు. కోలారు సీమలో ఉండే పల్లె. ఆ పల్లెలో ఒక గౌడ ఇంటోళ్లు కత్తి పట్టి పైకొచ్చి, కోటలు కట్టి, కోటలు పోగొట్టుకోని, ఆఖరికి మన పుంగనూరులో నిలబడినారు. వచ్చేటప్పుడు కులదేవతను కూడా ఎంటబెట్టుకోనొచ్చినారని మా పెద్దోళ్లు చెప్పేవాళ్లు. ఈ పొద్దుకూ జాతరలో తొలిపూజ జమీందారుల ప్యాలెస్‌లోనే జరుగుతాది. ఆ తర్వాతే ఊరి జనం దర్శనం.

వాళ్లు మొరసు ఒక్కలిగలు. ఇంటి పెద్ద తమ్మేగౌడ. దొంగల చేతిలో చిక్కిన రాచకుటుంబం వాళ్లను ఆయన విడిపించినాడని, మెచ్చిన విజయనగరం రాయలు చిక్కరాయలు అనే బిరుదు ఇచ్చినాడని కథ. ఆ ఇంట్లో తాత పేరు మనవడికి పెట్టి పెట్టి, తమ్మేగౌడలు, ఇమ్మడి, ముమ్మడి చిక్కరాయలు శానా మంది అయిపోయినారు. ఎవురు ఎవురికి కొడుకో తేల్చుకోవల్లంటే శాసనాలు ముందర పెట్టుకోని కూర్చోవల్ల. మనకు కావాల్సింది వంశం నడిచిన దావ.

1565లో రక్కసి తంగడి యుద్ధంలో, విజయనగరం దండును నడిపిన అళియ రామరాయలు పడిపోయినాక విజయనగరం పాడుబడింది. రాయలు పెనుకొండకు చేరినారు, ఆ పైన మన చంద్రగిరికి. గద్దె అట్ట తిరుగుతా ఉంటే ఊళ్లకు కాపలా ఎవురు? అప్పుడే పాళెగాళ్లకు చేతినిండా పని, చేతినిండా బలం. సుగుటూరోళ్లు 1595 ప్రాంతంలో హొసకోటలో కోట లేపినారు. కోలారు, ముళబాగిలు, ఇటు పుంగనూరు దాకా వాళ్ల మాటే చెల్లేది. రాయలు పిలిస్తే మందితో పోవల్ల, పిలవకపోతే సొంత సీమ చూసుకోవల్ల. కత్తీ వాళ్లదే, పన్నూ వాళ్లదే, తగువు తీర్చే చావిడీ వాళ్లదే.

ఆ భోగం శానా కాలం నిలవలేదు. 1638 ప్రాంతంలో బిజాపురం సుల్తాను దండు వచ్చింది. రణదుల్లాఖాన్ దండుకు పెద్ద, ఆయనతోపాటు శహాజీ భోంసలే. మన శివాజీ మహారాజు తండ్రి ఆయనే. బెంగళూరు, కోలారు, హొసకోట శహాజీకి జాగీరు అయిపోయినాయి. సుగుటూరోళ్ల చేతిలో కోలారూ లేదు, హొసకోటా లేదు. ఒక కొమ్మ ఆనేకల్లుకు పోయింది. ఇంకో కొమ్మకు కనమ ఒడ్డునుండే పుంగనూరు మిగిలింది.

ఓడిపోయినారా అని అడుగుతుండావు గదా నువ్వు. ఓడిపోయినారు నాయనా. అయితే పూర్తిగా పోలేదు, నేను చెప్పేది అదే. ఆ కాలంలో ఓడిపోయిన పాళెగాళ్లు శానా మంది పేర్లు కూడా మిగల్లేదు. వీళ్లకు తల ఎప్పుడు ఎత్తల్లో, ఎప్పుడు వంచల్లో తెలుసు. బిజాపురానికి వంచినారు, కడప నవాబులకు వంచినారు, మైసూరుకు వంచినారు. ఆ దొరలంతా పోయినారు, వీళ్లు పుంగనూరులోనే ఉండారు.

ఆ తల వంచేటప్పుడు కప్పం ఎవురు కట్టినారు? రైతు కట్టినాడు. దండు ఎత్తేటప్పుడు ఎవురు పోయినారు? కట్టుబడి బంట్లు పోయినారు. పాళెగాడు కొంచెం మాన్యం రాసిస్తాడు. దానికి బదులు పిలిచినప్పుడల్లా ఈటె, బాకు, తుపాకీ పట్టుకోని ఇల్లు వదిలి పోవల్ల. కరువు దినాల్లో అయినా, కోత కాలమైనా పోవల్ల. చిక్కరాయల పేర్లు శాసనాల్లో ఉండాయి, కట్టుబడోళ్ల పేర్లు అట్ట మిగల్లేదు. మన బోయకొండ మీద గంగమ్మ కథలో మాత్రం వాళ్లు ఉండారు. గోల్కొండ నవాబు దండు పల్లెల మీద పడితే బోయోళ్లు, ఎరుకలోళ్లు కొండెక్కి అమ్మను పిలిచినారని, అమ్మ దిగొచ్చి దండును చీల్చి పారేసిందని చెప్తారు గదా. అది రాజుల కథ కాదు, కొండెక్కినోళ్ల కథ. అందుకే మన చౌడేపల్లె మనుషులకు ఆ కొండంటే అంత ప్రాణం.

ఇంగ హైదరాలీ కాలం. ఆయన పుట్టింది కోలారు పక్కన బూదికోటలోనే, మనకేమంత దూరమని? 1761కల్లా మైసూరు అంతా ఆయన చేతికొచ్చింది. మన చుట్టుపక్కల పాళెగాళ్లను ఆయన సుఖంగా కూర్చోనియ్యలేదు. గుర్రంకొండ ఆయన మనుషుల చేతిలోకి పోయింది. ఆఖరికి ఆయన కన్ను మూసింది కూడా మన చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేటలోనే, 1782 డిసెంబరు 7న. దండులో గోల పుడతాదని చావును దాచిపెట్టి, కొడుకు టిప్పుకు కబురు పంపినారు.

ఆ టిప్పు మీదికి 1791లో కారన్‌వాలిస్ దొర వచ్చినాడు. అమెరికాలో ఓడి, పదేండ్లు తిరక్కముందే ఈడికి గవర్నరు జనరలుగా వచ్చినాడు. టిప్పు, ఇంగిలీసోళ్లు ఆంబూరు కనమ ఎక్కుతారనుకోని ఆడ కాచుకోని ఉండాడు. కారన్‌వాలిస్ ఆ పక్కకే పోతా ఉన్నట్టు కనబడి, గబుక్కున ఉత్తరానికి తిరిగి, చిత్తూరు మీదుగా మన మొగిలి కనమ ఎక్కేసినాడు. పలమనేరు, ముళబాగిలు, కోలారు, ఆ పైన బెంగళూరు. మార్చి 21న బెంగళూరు కోట పడింది. ఇప్పుడు బస్సులో నిద్రపోతా ఎక్కేస్తారే ఆ మొగిలి ఘాట్, ఫిరంగులను దాని మీదికి ఎద్దులూ ఏనుగులూ లాగినాయి. ఎద్దులు యాడనుంచి వస్తాయి? అడ్డమొచ్చిన పల్లెల్లోవి దండు పాలైనాయి. ఆ ఏడే గుర్రంకొండను కూడా నిజాము దండు, ఇంగిలీసోళ్లు ముట్టడేసి కింది కోట పట్టుకున్నారు. ఒకటే ఏట్లో మనకు ఈపక్క దండు, ఆపక్క దండు. అప్పటి రైతును తలుచుకుంటే నాకు ఇప్పుడూ కడుపు తరుక్కుపోతాది.

1799 మే 4న శ్రీరంగపట్నంలో టిప్పు చచ్చిపోయినాడు. ఆ కోట మీదికి ఎక్కినోళ్లలో స్విట్జర్లాండు వాళ్లు కూడా ఉండారని తెలుసా మీకు? ద మ్యూరాన్ అనే ఇల్లు, నూషాటెల్ అనే ఊరు వాళ్లది. చార్లెస్ డానియల్ ద మ్యూరాన్ అనే ఆయన 1781లో సొంతంగా ఒక పటాలాన్ని లేపి డచ్చి కంపెనీకి బాడుగకు ఇచ్చినాడు. 1795లో డచ్చోళ్లను వదిలి ఇంగిలీసోళ్ల పక్కకు వచ్చినారు. తమ్ముడు పియర్ ఫ్రెడరిక్ సింహళానికి మిలిటరీ గవర్నరయినాడు. పటాలం పేరు కూడా ఇంటి పేరే. ఆడ కూడా కత్తి ఒక ఇంటికి ఆస్తి, ఆ కత్తితోనే అధికారం. తేడా ఒకటుంది. మ్యూరాన్ ఇంటోళ్లు కత్తిని సముద్రాలు దాటించి, దుడ్డు ఇచ్చినోడికి బాడుగకు ఇచ్చినారు. మన చిక్కరాయల ఇంటోళ్లు ఎవురికి కొలువు చేసినా, ఈ మట్టిని వదలకుండా ఉండేదానికి చేసినారు. నాకు వీళ్లే మేలనిపిస్తారు. వీళ్ల బంట్లు చచ్చినా సొంత ఊరికి రెండు దినాల దావలో చచ్చినారు. ఆ స్విట్జర్లాండు బిడ్డలు మన ఎండలో, ఎవురి కోసరమో తెలియకుండా మట్టిలో కలిసినారు.

కంపెనీ దొరతనం వచ్చినాక పాళెగాళ్ల కత్తులకు విలువ లేకుండా పోయింది. కల్లూరు, పులిచెర్ల, పాకాల, మొగరాల, నరగంటి, ఈ చిత్తూరు పాళెగాళ్లు 1804 ప్రాంతంలో తిరగబడినారు. కంపెనీ పటాలాలు అడవుల్లో తరిమి తరిమి వాళ్లను అణిచేసినాయి, పాళేలు లాక్కున్నాయి. పుంగనూరు మాత్రం జమీందారీగా మిగిలింది, కుప్పం దిక్కు కంగుంది మాదిరే. అప్పటికే రాజావారికి తెలిసిపోయింది, ఇంగ యుద్ధం కచ్చేరీలోనే అని. కంపెనీకి పేష్కషు అనే శిస్తు కట్టేది, దస్తావేజులు భద్రంగా పెట్టుకునేది, కోర్టులో వ్యాజ్యం నడిపేది. కత్తి పట్టిన ఇల్లు కాగితం పట్టింది.

మన పొట్టి పుంగనూరు ఆవులు ఆ జమీందారీ కాలంలోనే పేరుకొచ్చినాయి. మూడడుగుల ఎత్తుండే ఆ ఆవు కరువు మేత తిని చిక్కటి పాలిస్తాది. మళ్లా పలమనేరు పశుపరిశోధనా కేంద్రం పట్టించుకోకపోతే ఆ జాతి మిగిలేది కాదు.

1911 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లా పుట్టింది, అంతకు ముందు పుంగనూరు ఉత్తరార్కాడు జిల్లాలో ఉండేది. 1948లో మద్రాసు ప్రభుత్వం జమీందారీలను రద్దు చేస్తా చట్టం తెచ్చింది. తరతరాలుగా కోటకు శిస్తు కట్టిన రైతు, ఇంగ నేరుగా సర్కారుకే కట్టినాడు. అన్నేండ్లు తల వంచీ ఎత్తీ నిలుపుకున్న సీమ, యుద్ధం లేకుండా, తుపాకీ పేలకుండా చెయ్యి జారింది.

అయినా ఆ ఇల్లు మూల కూర్చోలేదు. రాజా వీరబసవ చిక్కరాయలు ఎన్నికల్లో నిలబడినారు, పుంగనూరు నుంచి శాసనసభకు పోయినారు. ఒకప్పుడు ఆ కోట నుంచి కబురొస్తే మన పెద్దోళ్లు ఈటె తీసుకోని పోయేవాళ్లు. ఓట్ల దినాల్లో కోట మనుషులే పల్లెపల్లెకూ వచ్చినారు. కట్టుబడి ఇంటోళ్లు, బోయోళ్లు, గొల్లోళ్లు, ఆవులు మేపేవాళ్లు అంతా వరసలో నిలబడి తమకు నచ్చినోళ్లకు ఓటేసినారు. ఓటేసి, మధ్యాన్నానికంతా మళ్లా చేనికాడికి పోయినారు.