తుంగభద్ర వెలుగు - నాడూ, రేపూ

ఉగాది సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం వ్రాసి యివ్వమని మన సంఘ కార్యదర్శిగారు కోరారు. నేను మెట్రిక్యులేషన్‌తో చదువు ముగించి రైల్వే గూడ్సు ఆఫీసులో కలం పట్టినవాణ్ణి. రాజుల చరిత్రా, శాసనాల చరిత్రా వ్రాయడానికి పెద్దలున్నారు. నా బల్ల మీదికి వచ్చేవి బొగ్గు బండ్ల కాగితాలు. బళ్ళారి దగ్గర కుడితినిలోని థర్మల్ విద్యుత్ కేంద్రం 1,700 మెగావాట్లది; దాని ఆకలి బండ్ల కొద్దీ బొగ్గుతో గాని తీరదు. ఆ కాగితాల మీద సంతకాలు చేస్తూ చేస్తూ, ఈ కేంద్రం పుట్టకముందు ఏభై ఏళ్లుగా బొగ్గన్నది లేకుండా మన ప్రాంతంలో వెలిగిన దీపం మాటేమిటని ఆలోచించాను. అదే ఈ వ్యాసానికి మూలం.

పారే నీటితో చక్రం త్రిప్పడం పాత విద్యే. ఆ చక్రానికి డైనమో తగిలించి కరెంటు తీయడం 19వ శతాబ్దం చివర వచ్చింది. మన దేశంలో మొదట 1897లో డార్జిలింగు పట్టణానికి అలా దీపాలు వచ్చాయి. 1902లో మైసూరు సంస్థానంవారు కావేరి మీద శివనసముద్రం దగ్గర కరెంటు తీసి, 92 మైళ్ల దూరాన ఉన్న కోలారు బంగారు గనులకు తీగల మీద పంపారు. చూడండి, బంగారానికి కరెంటు 1902లోనే అందింది. మన రాయలసీమ రైతు మాత్రం మరో అర్ధ శతాబ్దం కపిల తోలుతూనే ఉన్నాడు.

తుంగభద్రకు ఆనకట్ట వేసి ఈ కరువు సీమకు నీళ్లు మళ్లించాలన్న ఆలోచన గోదావరికి ఆనకట్ట కట్టించిన కాటన్ దొరది, 1860 నాటిది. నది ఒక గట్టు మదరాసువారిది, రెండో గట్టు నిజాముగారిది కావడంతో మాటలు తెగక ఎనభై ఏళ్లు గడిచిపోయాయి. చివరికి 1944లో ఒడంబడిక కుదిరింది. 1945 ఫిబ్రవరి 28న కుడిగట్టున మదరాసు గవర్నరు, ఎడమగట్టున బేరారు యువరాజు శంకుస్థాపన చేశారు. ఒకే ఆనకట్టకు రెండు పునాదిరాళ్లు! మదరాసు పక్షాన ఇంజనీరు తిరుమల అయ్యంగారు ఆ పని నడిపారు. సుర్కీ కలిపిన గారతో రాతి కట్టడం అది. యంత్రాల కంటె మనుషుల చేతులే ఎక్కువ. ఆ చేతులలో మా తాతవి రెండు. పాలమూరు వైపు నుంచి రాళ్లు కొట్టే పనికి వచ్చి, మళ్లీ వెనక్కి పోలేదు. మేము ఈ ఊరివాళ్లం కావడానికి కారణం అదే. ఈ పుస్తకం చదివే కుటుంబాలలో ఇటువంటి కథ గలవి ఇంకా ఉంటాయి. నీటి అడుగున సుమారు తొంభై గ్రామాలు పోయిన సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. వాళ్ల ఇళ్లు ఆరిన తరువాతనే మన ఇళ్లు వెలిగాయి.

1953 జూలైలో నీళ్లు వదిలారు. మూడు నెలలు తిరక్కుండా అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. బళ్ళారి జిల్లా చీలిపోయి, ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వెళ్లాయి; బళ్ళారి, హోస్పేటలతో సహా మిగిలినవి మైసూరుకు వచ్చాయి. ఆ రోజులలో ఉభయుల మనసులూ ఎంత కాగిపోయాయో పెద్దలకు తెలుసు, మళ్లీ కెలకను. కాని భూమిని తాలూకాలుగా పంచినట్టు ఆనకట్టను కోసి పంచడానికి వీలులేదు గదా! అందుకని తుంగభద్ర బోర్డు ఏర్పడింది. కుడిగట్టు కరెంటును ఆంధ్రకు నూటికి 80, మైసూరుకు 20 వంతున పంచుకొన్నారు. కేంద్రాలు ఉన్నది కర్ణాటక నేల మీద, కరెంటులో పెద్దవాటా ఆంధ్రది, పనిచేసేవారు ఇరురాష్ట్రాల ఉద్యోగులు. డెబ్బై ఏళ్లుగా ఎన్నో తగవుల మధ్య ఈ ఏర్పాటు నడుస్తూనే ఉన్నది. సరిహద్దు జిల్లాలో బ్రతికే మాబోటివారికి ఇది చిన్న విషయం కాదు.

ఇక యంత్రాల సంగతి. కుడివైపు కేంద్రాలు రెండు. ఒకటి ఆనకట్ట పాదాన ఉన్నది. రెండవది అక్కడి నుంచి 14 మైళ్ల కాలువ చివర హంపి దగ్గర ఉన్నది. 1957 మొదలు 1964 లోగా ఒక్కొక్క దానిలో 9 మెగావాట్ల యంత్రాలు నాలుగేసి బిగించారు. మొత్తం 72 మెగావాట్లు. కుడితినితో పోలిస్తే పిడికెడు. కాని ఇందులో ఒక చమత్కారం ఉన్నది. ఆనకట్ట దగ్గర చక్రం త్రిప్పిన నీరు వృథా పోదు. హంపి దగ్గర మరొకసారి చక్రం త్రిప్పి, దిగువ కాలువలో పడి కర్నూలు జిల్లా పొలాల దాకా పోతుంది. ఒకే నీరు రెండుసార్లు దీపమై, మూడోసారి వరి అవుతుంది. లోపమూ అక్కడే ఉన్నది. కాలువకు నీళ్లు వదలని రోజున చక్రమూ తిరగదు. వేసవిలో మా క్వార్టర్స్‌లో విసనకర్రలతో కూర్చొన్నప్పుడు ఇది బాగా అర్థమయ్యేది.

1953లో జలాశయం 133 టి.ఎం.సి.లు పట్టేది. 2016లో కొలిస్తే 105.8కి దిగింది. తక్కినదంతా పూడికే. 2024 ఆగస్టు 10 రాత్రి గొలుసు తెగి, 33 తలుపులలో 19వది కొట్టుకుపోయింది. నిండుకుండలాంటి జలాశయం నుంచి వారం రోజులు నీళ్లు పారిపోతుంటే, విశ్రాంత ఇంజనీరు కన్నయ్యనాయుడుగారు వచ్చి, పారే నీటిలోనే ఇనుప పలకలు దింపించి అడ్డుకట్ట వేశారు. ఆ వార్త విని తొంభై దాటిన మా తాత అడిగింది ఒక్కటే మాట: "తలుపు పోతే పోయిందిలేరా, కట్ట కదల్లేదు గదా?" కట్ట కదల్లేదు. కాని తలుపుల మీద నమ్మకం చాలక 2025 వానకాలంలో 80 టి.ఎం.సి.ల దగ్గరే నీటిని ఆపవలసి వచ్చింది. కొత్త కేంద్రానికి కొబ్బరికాయ కొట్టడానికి అందరూ వస్తారు. పాత గొలుసుకు గ్రీజు పెట్టే పనికి ఎవరి పేరూ పత్రికలో రాదు. నాకు తోచినంతలో మన దేశంలో జలవిద్యుత్తుకు పట్టిన పెద్ద జబ్బు ఇదే.

ఇక రేపటి మాట. రైలులో హుబ్బళ్లి వైపు వెళ్లేవారు గదగ్ దగ్గర కప్పతగుడ్డ మీద గాలిమరలు చూసే ఉంటారు. అనంతపురం వైపు రామగిరి కొండల మీద 1990లలోనే అవి తిరిగాయి. ఎండను కరెంటుగా మార్చే సిలికాన్ పలకను అమెరికాలో బెల్ ప్రయోగశాలవారు లోకానికి చూపింది 1954లో. అంటే మన జిల్లా చీలిన మరుసటి ఏడే. నాడు అది నూటికి ఆరుపాళ్ల ఎండనే పట్టగలిగేది. నేడు మూడు వైపులా ఆంధ్ర సరిహద్దు గల పావగడలో, తెలుగు మాట్లాడే పల్లెల నడుమ, 13,000 ఎకరాలలో 2,050 మెగావాట్ల సౌరక్షేత్రం ఉన్నది. రైతుల నుంచి భూమి కొనలేదు. ఎకరాకు ఏటా 21,000 రూపాయలతో మొదలుపెట్టి కౌలుకు తీసుకొన్నారు. ఈ పద్ధతి నాకు నచ్చింది. తొంభై గ్రామాలకు నాడు దక్కని మర్యాద అది. కాని సొంత భూమి లేక ఆ చేలలో కూలికి పోయినవారికి కౌలు రాదు. పలకల నడుమ కలుపు తీసే పని ఎందరికి దొరుకుతుంది?

ఎండ సాయంత్రానికి వెళ్లిపోతుంది. మన ఇళ్లలో దీపం పెట్టేది అప్పుడే. అందుకు ఉపాయం మళ్లీ నీటిలోనే దొరికింది. మిగులు కరెంటు ఉన్నప్పుడు క్రింది నీటిని పైకి తోడి, చీకటి పడ్డాక క్రిందికి వదలి చక్రం త్రిప్పడం. శ్రీశైలం ఎడమగట్టున 150 మెగావాట్ల ఇటువంటి యంత్రాలు ఆరు ఉన్నవి. కర్నూలు ప్రాంతంలో పిన్నాపురం దగ్గర ఎండనూ గాలినీ 1,680 మెగావాట్ల నీటి కరెంటునూ ఒకచోట కలిపే పనికి 2022లో శంకుస్థాపన జరిగింది. అదీ ఆనకట్టల మీద, తలుపుల మీద, మరమ్మతు మీద ఆధారపడేదే గనుక తుంగభద్ర అనుభవం వాళ్లకు పనికివస్తుంది.

సంఘం తరఫున పిల్లలకు ఈ కేంద్రాలు చూపించాలని సభ్యులు కొందరు అంటున్నారు. 2021 నుంచి ఆనకట్ట విజయనగర జిల్లాలోకి వెళ్లినా, బళ్ళారి నుంచి హోస్పేటకు అదే రైలు, అదే దారి. ఉగాదికి మాత్రం వద్దు. అప్పటికి కాలువ ఎండి ఉంటుంది, చక్రం తిరగడం పిల్లలకు కనబడదు. ఆగస్టులో ఒక ఆదివారం పెట్టుకొందామని నా మనవి. టిక్కెట్ల సంగతి నేను చూస్తాను.