పేరు లేని డప్పు

1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ‘ఈనాడు’ మొదలు కాకముందు, విజయవాడ నుంచి వచ్చే పత్రికల్లో మన చోడవరం కబురు కనబడటం అరుదు. 1989లో ఆ పత్రిక జిల్లా అనుబంధాలు తెచ్చాక పరిస్థితి మారింది. ఊరూరా విలేకరులు వచ్చారు. గోవాడలో చెరకు గానుగ మొదలైనా, అమ్మవారి సంబరంలో తప్పెటగుళ్ళు ఆడినా, తూర్పు భాగవతం కట్టినా నాలుగు ముక్కలు పడేవి. అప్పుడు మనది విశాఖ జిల్లా. అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది 2022లో.

రకరకాల పత్రికల నుంచి కత్తిరించుకున్న అలాంటి వార్తలు నా దగ్గర ఒక ఫైలు నిండా ఉన్నాయి. వాటిలో ముఖ్య అతిథి పేరు, దాత పేరు ఇంటిపేరుతో సహా ఉంటాయి. ఊరేగింపుకు ముందు నడిచి తెల్లవార్లూ డప్పు వాయించిన దళితపేట వాళ్ళకు మాత్రం ‘డప్పు వాయిద్యాలతో’ అన్న ఒక్క మాటే దక్కింది.

ఎందుకిలా అన్నదానికి కొంత సమాధానం 1996లో ఢిల్లీలో దొరికింది. ‘వాషింగ్టన్ పోస్ట్’ విలేకరి కెన్నెత్ కూపర్ నల్లజాతి అమెరికన్. దళిత పాత్రికేయుడు ఎవరైనా ఉంటే మాట్లాడాలని సీనియర్ పాత్రికేయులు బి.ఎన్. ఉనియాల్‌ను అడిగారు. ఉనియాల్ ప్రభుత్వ గుర్తింపు పొందిన విలేకరుల జాబితా తిరగేశారు. మొత్తం 686 మంది. పేరును బట్టి కులం తెలిసిన 454 మందిలో దళితుడు ఒక్కడూ లేడు. మిగిలినవారిలో 47 మందిని వాకబు చేస్తే వారిలోనూ లేడు. నవంబరు 16న ‘పయొనీర్’లో ఆ సంగతి రాశారు.

కూపర్‌కు ఆ ప్రశ్న తట్టడం సహజమే. తెల్లవారి పత్రికలు పట్టించుకోని తమ గాయకుల గురించి, నటుల గురించి, పేటల్లో జరిగే కచేరీల గురించి నల్లవారు తమ సొంత పత్రికల్లోనే రాసుకున్నారు. ‘షికాగో డిఫెండర్’ 1905లోనే పుట్టింది. మన తెలుగునాట భాగ్యరెడ్డి వర్మ 1931లో హైదరాబాదు నుంచి ‘భాగ్యనగర్’ నడిపారు. పట్టుదల ఉన్నవారు పత్రిక పెట్టగలిగారు గాని, జీతమిచ్చే పెద్ద పత్రికల్లో కుర్చీ దొరకడం వేరే సంగతి.

పేపర్లో పేరు పడితే ఏమొస్తుందని మన సభ్యులొకరు నన్నడిగారు. సర్వీసు రిజిస్టరు దొరక్క ఆఫీసుల చుట్టూ తిరిగిన వాళ్ళం మనలో ఎందరు లేరు! డప్పు వాయించేవారికి ఏ రిజిస్టరూ ఉండదు. 50 ఏళ్ళు దాటిన డప్పు కళాకారులకు ప్రభుత్వం పింఛను ఇస్తోంది. 2024లో అది నెలకు 4,000 రూపాయలైంది. ముందు తాను కళాకారుణ్ణని చూపించుకోవాలి కదా. ఈ మధ్య ఒక పెద్దాయన అందుకే నా ఫైలు చూడటానికి వచ్చాడు. ఒక సంబరం ఫోటోలో ఆయన ఉన్నాడు, నల్లటి జుట్టుతో. కింద పేరు లేదు.

ఆ ఫోటోలో ఏడుగురున్నారు. ఆయన చెప్పగా నలుగురి పేర్లు వెనక రాసిపెట్టాను. ఫైలు సంఘం కార్యాలయంలో ఉంచాను. మిగిలిన ముగ్గురినీ గుర్తుపట్టగలిగినవారు వచ్చి చూడవలసిందిగా కోరుతున్నాను.