లూప్ పరికరాల్లో మిగిలిపోయే పార్టిషన్లు

ఒక మామూలు ఫైలును డిస్కులా చూపించే లినక్స్ కెర్నెల్ సదుపాయమే లూప్ పరికరం. హైదరాబాద్ నుంచి వచ్చిన తెలుగు లినక్స్ ‘స్వేచ్ఛ’ అయినా మరో పంపిణీ అయినా జనానికి చేరేది ఇమేజ్ ఫైలుగానే. పార్టిషన్లున్న ఇమేజ్‌ను తయారుచేయడానికి చాలామంది లూప్ పరికరాన్నే వాడతారు. బిల్డ్ స్క్రిప్టు మధ్యలో ఆగిపోతే ఆ పార్టిషన్లు కెర్నెల్‌లో అలాగే ఉండిపోతాయి.

ఈ డ్రైవరును థియడోర్ త్సో 1993 మార్చిలో రాశాడు. అప్పట్లో ఫైలంతా ఒకే ఫైల్‌సిస్టమ్. పార్టిషన్ల ఊసే లేదు. హార్డ్‌డిస్కు ఇమేజ్ లోపలికి వెళ్లాలంటే పార్టిషన్ మొదలయ్యే చోటును చేత్తో లెక్కకట్టాల్సి వచ్చేది. 63వ సెక్టారులో మొదలైతే, 512 బైట్ల చొప్పున 32,256. ఈ లెక్కల బాధ తప్పించింది కేపార్ట్‌ఎక్స్ అనే పనిముట్టు. అయితే అది కెర్నెల్‌లోని డివైస్ మ్యాపర్‌లో మరో పొరను సృష్టిస్తుంది. లూప్‌ను విడదీసే ముందు ఆ పొరను తీసేయకపోతే అది పరికరాన్ని పట్టుకునే ఉంటుంది. మిగులు పార్టిషన్ల చిక్కుకు ఇదొక కారణం.

2008లో 2.6.26 కెర్నెల్ లూప్‌కు సొంత పార్టిషన్లను ఇచ్చింది. 2012 జనవరిలో వచ్చిన 3.2తో, కోరిన పరికరంలో మాత్రమే వాటిని వెతికించే వీలు కలిగింది. అదే ఏడాది చివర 3.7లో జరిగిన మార్పు మరింత ముఖ్యమైనది. అంతకుముందు, వాడుకలో ఉన్న పరికరాన్ని లూప్‌లను తగిలించి విడదీసే లోసెటప్ ఆదేశంతో విడదీయబోతే ‘బిజీ’ అనే లోపం వచ్చేది. ఇప్పుడు ఆదేశం నెగ్గినట్టే కనిపిస్తుంది. అసలు విడుదల చివరి వాడకందారు వదిలాకే. ఆ లోపం ఒక హెచ్చరికగా పనిచేసేది. అది పోవడం స్క్రిప్టులు రాసేవారికి నష్టమే.

ఇమేజ్ ఫైలును చెరిపేసినా డిస్కులో చోటు ఖాళీ కాకపోవడం లూప్ మిగిలిపోయిందనడానికి తొలి లక్షణం. లోసెటప్ జాబితాలో ఆ ఫైలు పక్కన ‘డిలీటెడ్’ అని ఉంటుంది. ఫైలును చెరపకుండా, పాత లూప్ మిగిలి ఉండగానే అదే ఇమేజ్‌ను మరో లూప్‌కు తగిలించి రెంటినుంచీ రాస్తే ఫైల్‌సిస్టమ్ పాడవుతుంది. కంటైనర్లలో పరిస్థితి ఇంకా కష్టం: లూప్ పరికరాలు కెర్నెల్ మొత్తానికి ఉమ్మడి కాబట్టి, కంటైనర్ పోయినా అవి పోవు.

విప్పే క్రమం కట్టిన క్రమానికి తలకిందులు: ముందు అన్‌మౌంట్, తర్వాత మ్యాపర్ పొర, చివర లూప్. స్క్రిప్టు మధ్యలో విఫలమైనా ఈ పని జరిగేలా షెల్‌లోని ట్రాప్‌లో రాయాలి. అసలు లూప్‌నే తప్పించుకునే దారీ ఉంది: 2016లో వచ్చిన ఈ2ఎఫ్‌ఎస్‌ప్రోగ్స్ పనిముట్ల 1.43 వెర్షన్ నుంచి ఎక్స్‌ట్4 ఫైల్‌సిస్టమ్‌ను మౌంట్ చేయకుండానే ఒక డైరెక్టరీలోని ఫైళ్లతో నింపవచ్చు. దానికి లూప్ అక్కర్లేదు, రూట్ అనుమతీ అక్కర్లేదు.