మన ఊరి విమానాశ్రయానికి పదేళ్లు

2015 జూన్ 7న అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు, కేంద్ర పౌర విమానయాన మంత్రి అశోక్ గజపతిరాజు చేతుల మీదుగా కడప విమానాశ్రయం ప్రారంభమైంది. బెంగళూరు నుంచి ఎయిర్ పెగాసస్ విమానం దిగింది. పదేళ్లు నిండిన సందర్భంగా ఈ సంచిక తెస్తున్న కమిటీ మిత్రులు, ఏడు రోడ్ల దగ్గర టికెట్ల వ్యాపారం చేసుకుంటున్నవాణ్ణని నన్ను రాయమన్నారు. "చరిత్ర రాయన్నా, రాజకీయం మాత్రం వద్దు" అని షరతు పెట్టారు. ఈ విమానాశ్రయం చరిత్రలోంచి రాజకీయం తీసేస్తే మిగిలేది తారు పరిచిన నేల ఒక్కటే. అయినా వాళ్ల మాట కాదనకుండా మొదలుపెడతాను.

పాత రన్‌వే 1950ల నాటిది. తర్వాత అరవై ఏళ్ల పాటు మంత్రులూ అధికారులూ దిగారు, ఎక్కారు, ఊరికి దానితో పెద్దగా పని పడలేదు. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీతో ఒప్పందం కుదిరి పనికి ఊపు వచ్చింది. 2009 సెప్టెంబరులో ఆయన పోయాక అదే పని నత్తనడక నడిచింది. ఇంతకంటే ఆ కాలం గురించి చెప్పడానికేమీ లేదు.

చెప్పుకోవాల్సింది ఒక పెద్దాయన గురించి. పేరు వేయొద్దని ఆయన పిల్లలు కోరారు కాబట్టి వేయడం లేదు. వై.వి. వీధిలో గుడ్డల దుకాణం ఆయనది. సూరత్‌కూ ముంబైకీ సరుకు కోసం తిరిగిన మనిషి. "కడపకు విమానమా? ఎక్కేదెవరు?" అని పై ఆఫీసుల్లో అడుగుతున్నారని తెలిసి, రాత్రిపూట దుకాణం కట్టేశాక నేరుగా బస్టాండుకు పోయేవాడు. హైదరాబాదు బస్సులెన్ని, బెంగళూరు బస్సులెన్ని, ఏసీ సీట్లెన్ని, ఖాళీగా పోయినవెన్ని అని జేబులోంచి బిల్లు పుస్తకం తీసి, బిల్లుల వెనకే రాసుకునేవాడు. వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్‌లో రిజర్వేషన్ దొరకనివాళ్లు ఎంతమందని నా దుకాణానికొచ్చి అడిగేవాడు. "ఇంతమంది రాత్రంతా బస్సులో నడుములు పోగొట్టుకుంటాండారు. పగలు గంటలో పోతామంటే ఎక్కరా? లెక్క చూపిస్తే ఎవరైనా వింటారబ్బా" అనేవాడు. కడపకు విమానం కావాలని పెట్టిన అర్జీకి జత చేసింది ఆ లెక్కలే. ఊళ్లో చాలామంది నవ్వారు. ప్రారంభం రోజు ఆహ్వానితుల్లో ఆయన పేరు లేదు. బయటి గేటు దగ్గర ఎండలో నిలబడి విమానం దిగడం చూసి, మధ్యాహ్నానికి దుకాణం తెరుచుకున్నాడు. విమానాశ్రయానికి పునాది ఎవరు వేశారంటే నేను చెప్పే మొదటి పేరు, ఇక్కడ రాయని ఆ పేరే.

సంతోషం ఏడాది దాటి ఎంతో దూరం పోలేదు. 2016 జూలైలో ఎయిర్ పెగాసస్ మొత్తంగా ఆగిపోయింది. కష్టకాలం అంటే అదే. టెర్మినల్లో దీపాలు వెలిగేవి, ఎక్కేవాళ్లు లేరు. విమానం రాకపోయినా విమానాశ్రయం నడవాల్సిందే. ఫైర్ సిబ్బంది పొద్దున్నే బండి స్టార్ట్ చేసి, నీళ్లు చిమ్మి చూసి, రిజిస్టర్లో సంతకం పెట్టేవాళ్లు. రన్‌వే మీద కుక్కలు, పక్షులు చేరకుండా చూసేవాళ్లు తిరుగుతూనే ఉండేవాళ్లు. బయట మాత్రం అప్పు తెచ్చి కార్లు కొన్న డ్రైవర్లు కొందరు బండ్లు అమ్ముకుని కువైట్ పోయారు. సామాను మోసే కుర్రాళ్లను తెచ్చిన ఒక కాంట్రాక్టరు రెండు నెలల జీతం ఎగ్గొట్టి కనబడకుండా పోయాడు. ఆ కుర్రాళ్లలో ఒకడు ఇప్పటికీ నా దుకాణానికి టీ తెస్తాడు. ఈ సంచికలో అతని ఫొటో వేయమని అడిగాను, జాగా లేదన్నారు.

2017 ఏప్రిల్ 27న చిన్న ఊళ్లకు తక్కువ ధరలో విమానాలు నడిపే ఉడాన్ పథకాన్ని ప్రధాని సిమ్లాలో ప్రారంభించినప్పుడు సిమ్లా–ఢిల్లీ, నాందేడ్–హైదరాబాదులతో పాటు కడప–హైదరాబాదు కూడా తొలి సర్వీసుల్లో ఉంది. దేశం మొత్తంలో మొదటి మూడింట్లో మన ఊరు! ఆ రోజు ఊరంతా పండగే. ట్రూజెట్ ఏటీఆర్ విమానం వచ్చింది. గంట ప్రయాణానికి 2,500 రూపాయలన్న మాట అందరికీ నోటికొచ్చింది. ఆ ధర సగం సీట్లకే అని, విమాన కంపెనీకి నష్టం పూడ్చే డబ్బు మూడేళ్లే ఇస్తారని, అందులో 20 శాతం రాష్ట్రం భరించాలని చాలామందికి తెలియదు. ఊతకర్ర ఇచ్చిన రోజే దాన్ని లాగేసే తేదీ కూడా రాసిపెట్టారు. మూడేళ్లు ముగిసే వేళకు కరోనా వచ్చింది. 2020 మార్చి 25 నుంచి రెండు నెలలు దేశమంతా విమానాలు నిలిచిపోయాయి. ట్రూజెట్ తర్వాత మళ్లీ ఎగిరింది గానీ కోలుకోలేదు. 2022 ఫిబ్రవరిలో అదీ ఆగింది. ఆ మార్చి 27 నుంచి ఇండిగో వస్తోంది. ఇందుకోసం రాష్ట్ర ప్రభుత్వం ఏటా దాదాపు 20 కోట్ల రూపాయలు ఇవ్వడానికి ఒప్పుకుంది.

ఇక ధర్మంగా తలుచుకోవాల్సినవాళ్లు. భూములిచ్చిన రైతు కుటుంబాలు, టవర్‌లో కూర్చున్న కంట్రోలర్లు, వాతావరణ విభాగం సిబ్బంది, ఫైర్ సిబ్బంది, భద్రతా పోలీసులు, ఎలక్ట్రికల్ వాళ్లు, ట్రాలీలు తోసినవాళ్లు, గడ్డి కోసినవాళ్లు, మరుగుదొడ్లు కడిగిన అక్కలు, ఆటో స్టాండు పిల్లలు. ఈ సంచికకు చందాలిచ్చిన బంగారు అంగళ్లు, బండల ఫ్యాక్టరీలు, ఆసుపత్రుల వివరాలు వెనక పేజీల్లో ఉన్నాయి. అందరికీ నమస్కారం.

విమానాశ్రయానికి వచ్చిన డైరెక్టర్లలో నేనెరిగినవాళ్లందరూ మర్యాదస్తులే. ఒకాయనైతే నా దుకాణానికి స్వయంగా వచ్చి, ఏ వారం ఎవరు ఏ ఊరికి పోతున్నారో అడిగి రాసుకుపోయాడు. పాపం, ఆయన చేతిలో ఏముంది? రన్‌వే శుభ్రంగా ఉంచగలడు, టెర్మినల్ మెరిపించగలడు. ఏ విమానం రావాలి, ఏ వేళకు రావాలి, టికెట్టు ఎంత అన్నది విమాన కంపెనీ తేలుస్తుంది. ఆ కంపెనీకి డబ్బివ్వాలా వద్దా అన్నది ప్రభుత్వం తేలుస్తుంది. ఈ ఊరి సంగతులు ఆయనకు పట్టుబడేలోపు బదిలీ కాగితం వస్తుంది. సంస్థకు నాయకత్వం ఉందని బోర్డు మీద ఉంటుంది, నిర్ణయం ఇంకెక్కడో ఉంటుంది.

మనకు పెద్దల కొరత ఉందా అంటే, అదీ లేదు. ఈ జిల్లా రాష్ట్రానికి ఇద్దరు ముఖ్యమంత్రులనిచ్చింది. ప్రారంభం నాటి విమానయాన మంత్రి తెలుగువాడు, ఇప్పటి మంత్రి రామ్మోహన్ నాయుడూ తెలుగువాడే. ఇద్దరూ ఉత్తరాంధ్రవాళ్లు, అది వేరే సంగతి. పదేళ్లలో మూడు కంపెనీలను నమ్ముకున్నాం, రెండు మూతపడ్డాయి. విమానం వచ్చిన ప్రతిసారీ రిబ్బన్ కత్తిరించడానికి అన్ని పార్టీలవాళ్లూ వచ్చారు. ఆగిన రోజు అడిగిన నాథుడు లేడు. అన్ని పార్టీలనూ అంటున్నాను కాబట్టి ఇది రాజకీయం కిందికి రాదని కమిటీవారు గ్రహించాలి.

భవిష్యత్తు లేదనను. రాజంపేట, రాయచోటి, కడప తాలూకాల నుంచి కువైట్ పోయే జనం ఎంతమందో టికెట్లు కొట్టేవాడిగా నాకు తెలుసు. వాళ్లు జీపు మాట్లాడుకుని రాత్రంతా ప్రయాణం చేసి చెన్నై పోతారు. పాత కంపెనీలకు చిన్న విమానాలే తప్ప పెద్ద నెట్‌వర్క్ లేదు. ఇప్పుడైతే కడపలో సామాను ఇచ్చి, హైదరాబాదులో మారి, ఒకే టికెట్టు మీద గల్ఫ్‌లో దిగే వీలుంది. కావలసింది రోజూ విమానం, కనెక్షన్ అందే వేళ. ఇక ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలవాళ్లు, కొప్పర్తికి వచ్చే పరిశ్రమలవాళ్లు, డాక్టర్లు, లాయర్లు అడిగేది పొద్దున పోయి పని చూసుకుని సాయంత్రానికి ఇల్లు చేరడం. వారంలో కొన్ని రోజులే, అదీ మధ్యాహ్నం వచ్చే విమానాన్ని నమ్ముకుని ఎవరూ హైకోర్టు వాయిదా పెట్టుకోరు. ఇంతాచేసి పోయినా రాత్రికి హోటల్ ఖర్చు. నా దగ్గరికొచ్చినవాళ్లు ధర ఎక్కువని వెనక్కి పోయింది తక్కువ, వేళ కుదరక పోయిందే ఎక్కువ.

కాబట్టి ఈ సంచిక అందుకునే ప్రజాప్రతినిధులకు నా మనవి ఒక్కటే. కొత్త టెర్మినల్ సంగతి తర్వాత చూద్దాం. విమాన కంపెనీకి ఇచ్చే డబ్బు ఈ రాష్ట్ర ప్రజలది. ఆ ఒప్పందంలో విమానం వేళ కూడా రాయించండి: పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, వారమంతా. సర్వీసు ఆపేముందు ఆరు నెలల నోటీసు ఇవ్వాలని మరో షరతు పెట్టండి. ప్రయాణికుల లెక్కలు కావాలంటే ఏడు రోడ్ల దగ్గరికి ఎవరినైనా పంపండి, నా దగ్గరున్నవన్నీ ఇస్తాను.